నూట ఇరవై డిగ్రీలు

రాజకుమారిని చంపడానికి వాళ్లకు ఒక్క సూది సరిపోయింది. ఏలూరులో రైలుకట్ట పక్కనున్న చేపల వ్యాధుల ల్యాబ్‌లో, మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. లోకానికి అది హార్ట్ ఎటాక్. ఆరు నెలలుగా ఆపరేటర్ వేషంలో అక్కడ నిఘా పెట్టిన ఏజెంట్ ఆమె అని డిపార్ట్‌మెంట్‌కు మాత్రమే తెలుసు.

మర్నాడు ఉదయం ఏజెంట్ ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల కొట్టు ముందు ఆగాడు.

"కొల్లేటికి గూడబాతులొచ్చాయా అండీ?"

"నీళ్లు తగ్గాక వస్తాయండీ," అన్నాడు గుమాస్తా. కోడ్ సరిపోయింది.

బస్తాల వెనక గదిలో చీఫ్ జగన్నాథం ఉన్నాడు. పైకి ఉల్లి వర్తకుడు. ఆ గదిలో అడుగుపెట్టినవాడెవడైనా కళ్లు తుడుచుకోవాల్సిందే. ఆనంద్ పాల్ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఆరేళ్లు పక్కన పనిచేసిన మనిషి పోతే ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఆకలి కూడా వేయలేదు. మొద్దుబారిపోయాడు పాపం.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. మన చేపల ఎగుమతిని దెబ్బతీయాలని ఒక విదేశీ ముఠా టీకాలో బతికున్న వైరస్ కలిపిందని అనుమానం. ఆ టీకా కలిపిన మేత పది గంటలకు పెదపాడు దగ్గర ఒక చెరువులో దిగుతుంది. దిగిందంటే కొల్లేరు చుట్టూ చేపలన్నీ చచ్చి తేలడమే. టీకా శుభ్రంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది అదే ల్యాబ్‌లో పనిచేసే డాక్టర్ సింధూరి.

"ఆవిడ మన మనిషే కదండీ?"

"అది తేల్చాల్సింది మీరేనండీ. రుజువు లేకుండా ఆపితే రైతులు ఒప్పుకోరు," అంటూ చీఫ్ ఒక తలనొప్పి మందు డబ్బా చేతిలో పెట్టాడు. లోపల పెన్ డ్రైవ్. అందులో రాజకుమారి రాసిన ఆఖరి ప్రోగ్రాం.

అదేం చేస్తుందో ఆవిడే ఒకసారి అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. కణం మీద చారల వెలుగు వేస్తారు. చారల్ని కొంచెం కొంచెంగా జరిపి మూడు ఫోటోలు తీస్తారు. మూడూ కలిపితే మామూలు మైక్రోస్కోప్‌కు అందని వైరస్ కూడా బయటపడుతుంది. కాకపోతే ఒక్కో ఫోటోలో చారలు సరిగ్గా ఎక్కడ నిలబడ్డాయో, అంటే ఫేజ్ ఎంతో, తెలియాలి. "నూట ఇరవై డిగ్రీలు జరిపానని మెషిన్ చెబుతుందండీ. నమ్మకూడదు. ఫోటోనే అడగాలి," అనేది. ఆ ప్రోగ్రాం అడిగేది అదే.

తొమ్మిదీ యాభై. చెరువుగట్టు మీద ఆనంద్ పాల్ మేత కంపెనీ సేల్స్‌మన్ వేషంలో ఉన్నాడు. సింధూరి పట్టుచీర, నల్లకళ్లద్దాలు, కొప్పులో వెండి సూది. గట్టు మీది మగాళ్ల చూపులన్నీ అక్కడే. రైతు మధుబాబు చిల్లుల సంచుల్లో మేత నింపుకుని పడవను వెదురు గెడల వైపు నడుపుతున్నాడు. సంచి గెడకు కట్టి నీళ్లలోకి వదిలితే ఇక చేసేదేమీ లేదు.

కంపెనీకి రిపోర్ట్ రాయాలని, ఫోటోలు కాపీ చేసుకుంటానని ఆనంద్ పాల్ వినయంగా అడిగాడు. సింధూరి నవ్వుతూ ల్యాప్‌టాప్ ఇచ్చింది. నిన్న ఉదయం ఏలూరు ల్యాబ్‌లోనే తీశానంది. పెన్ డ్రైవ్ పెట్టాడు. ప్రోగ్రాం ఒక్కో ఫోటోనీ అడిగి ఫేజ్ అంకెలు చూపించింది. సున్నా, నూట ఇరవై, రెండొందల నలభై. పది సెట్లూ అంతే.

"ఒక్క డిగ్రీ కూడా తప్పలేదు చూడండి," అంది సింధూరి.

"అదేనండీ తప్పు. పక్కన గూడ్స్ వెళ్తే ఆ ల్యాబ్‌లో టేబుల్ వణుకుతుంది. రాజకుమారి గారికి ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నూట ఇరవై రాలేదు. నూట పదమూడు, నూట ముప్ఫై ఒకటి, అలాగే వచ్చేవి. ఇవి మైక్రోస్కోప్ తీసిన ఫోటోలు కావండీ. కంప్యూటర్లో వండినవి."

సింధూరి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చెయ్యి కొప్పులోని సూది మీదికి పోయింది. ఆనంద్ పాల్ ఆ మణికట్టు పట్టుకుని చెరువు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. మధుబాబు చేతిలోని సంచి నీళ్లకు జానెడు ఎత్తున ఆగింది. వల లాగేవాళ్ల వేషంలో ఉన్న పోలీసులు సింధూరిని జీపెక్కించారు. గెలిచానన్న సంతోషం కూడా కలగలేదు అతనికి.

సాయంత్రం కొట్టుకు వెళ్లేసరికి సరుకంతా లారీలకెక్కిపోయింది. నేల కడిగేశారు. ఒక్క ఉల్లిపాయ లేదు.

పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టి, "ప్రోగ్రాం బాగా పనిచేసిందని ఆవిడకి చెప్ప..." అని ఆగిపోయాడు. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. ఆగలేదు.

జగన్నాథం ఖాళీ కొట్టు వంక ఒకసారి చూసి, భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు.

"ఇవాళ సరుకు మరీ ఘాటండీ," అన్నాడు.