తీసిందక్కడ పెట్టెయ్

పొద్దుగూకాక ఆ ఇటుక బట్టీ వైపు ఎవరూ వెళ్లరు. వెళ్లినా అక్కడ ఏదీ ముట్టుకోరు. పొరపాటున ముట్టుకున్నా... వెనక్కి తిరిగి చూడరు.

బట్టీ మూతపడి చాలా ఏళ్లయింది. పొగగొట్టం సగం కూలింది. పూర్వం అక్కడ కాపలా ఉండే ముసలాయన మీద యజమాని ఇటుకల దొంగతనం అంటగట్టాడట. పోయినవి పదో పరకో ఇటుకలు. ముసలాయన తీయలేదు. తీసినవాణ్ణి పట్టుకునే ఇంటికి పోతానని చలిలో కర్ర పట్టుకుని కూర్చున్నాడట. తెల్లారేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

అప్పట్నించీ రాత్రిపూట అక్కడ చిన్న పెంకుముక్క తీసినా, వెనకనించి మెల్లగా ఒక మాట వినపడుతుందట—

"తీసిందక్కడ పెట్టెయ్..."

అరుపు కాదు, బెదిరింపూ కాదు. అలిసిపోయినవాడు చెప్పినట్టు ఉంటుందట.

ఒక తాపీమేస్త్రీ మంచం కోళ్ల కింద పెట్టుకుందామని నాలుగిటుకలు ఎత్తి, ఆ మాట విని వెనక్కి తిరిగాడు. అతగాడి మెడ ఇప్పటికీ తిన్నగా రాలేదు. బరువులు మోసి పట్టేసిందని వాళ్లావిడ అంటుంది. ఆవిడ మాట ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు నేను చెప్పేది ఆ మేస్త్రీ సంగతి కాదు. ఒక ఇంటి పెద్దల్లుడి సంగతి.

ఆ ఇంటికి ఇద్దరల్లుళ్లు. పెద్దల్లుడిది గడియారాలు బాగుచేసే కొట్టు. చిన్నల్లుడు దర్జీ. పెద్దల్లుడికి ఒక పిచ్చి ఉంది— రాత్రిళ్లు రేడియో ముందు కూర్చుని, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న స్టేషన్లు పట్టుకోవడం. మీడియం వేవ్ పగలు పక్కూరు దాటదు గానీ, రాత్రయితే వేల మైళ్లు వస్తుంది. విన్నది విన్నట్టు రాసి పంపితే, ఆ స్టేషన్ వాళ్లు 'అవును, మీరు విన్నది మమ్మల్నే' అని ఉత్తరం రాస్తారు. అలాంటి ఉత్తరాలు పెద్దల్లుడి గోడ మీద నలభై మూడు ఉన్నాయి, అన్నీ అద్దాల పటాల్లో.

పెళ్లయిన కొత్తలో చిన్నల్లుడు ఆ గోడ చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"నాకూ నేర్పవా అన్నయ్యా?"

ఆ ఒక్క మాటకి పెద్దల్లుడు పొంగిపోయాడు. కూర్చోబెట్టి అన్నీ నేర్పాడు. ఏరియల్ అంటే ఎత్తు స్తంభాలు అక్కర్లేదు, నేలమీద రెండు వందల మీటర్ల తీగ తిన్నగా పరిస్తే చాలన్నాడు. ఎత్తున కట్టిన తీగ స్టేషన్‌నీ లాగుతుంది, ఊళ్లోని గోలనీ లాగుతుంది. నేలమీద పడుకున్న తీగ రెంటినీ తక్కువే లాగుతుంది గానీ, గోలని మరీ తక్కువ లాగుతుంది. ఈ కొస రేడియోకి. ఆ కొసన భూమిలో ఒక రాగి కడ్డీ దిగ్గొట్టి, తీగకీ కడ్డీకీ మధ్య కందిగింజంత రెసిస్టర్ బిగించాలి.

"అదెందుకన్నయ్యా?"

"అది ఉంటే తీగ ముందుకే వింటుంది. తీసేస్తే వెనక్కి కూడా వింటుంది. వెనకున్నది ఊరు. ఊళ్లో లైట్లు, మోటార్లు, వాటి గోలంతా చెవిలో పడుతుంది."

ఇంత నేర్పాడు. ఏకు మేకవుతుందని ఆయనకేం తెలుసు?

పెద్దల్లుడి ఇల్లు నడి ఊళ్లో. పెరట్లో పరిచింది ముప్ఫై మీటర్ల తీగ, అదీ రెండు వంకర్లు తిరిగి. చిన్నల్లుడి ఇల్లు ఊరి చివర, దాని ముందంతా బీడు. వాడు గుమ్మంలోంచి బట్టీ దాకా గీత గీసినట్టు తీగ పరిచేశాడు. దెయ్యమంటే భయం లేదా అని అడిగితే, "నేనేం తీసుకోవట్లేదు కదన్నయ్యా, పెడుతున్నా" అని నవ్వాడు.

రెండేళ్లలో చిన్నల్లుడి గోడ మీద యాభై ఒక్క ఉత్తరాలు.

పెద్దల్లుడు కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. పైకి మాత్రం "శభాష్ తమ్ముడూ" అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ ఆయనకి కడుపులో మండేది. అది చాలదన్నట్టు అత్తగారు వచ్చిన వాళ్లందరికీ చిన్నల్లుడి గోడే చూపించేది. ఇంటికొస్తే పెళ్లాం పుండు మీద కారం చల్లేది.

"మా మరిదిగారు మిషను తొక్కుతూనే అన్ని పట్టారు. మీరు రాత్రంతా కూర్చుంటారు, ఏం లాభం?"

అన్నిటికంటే పెద్ద బెంగ ఒకటుంది. ఎక్కడో దక్షిణాన, చిన్న దీవి. దానిదో బుల్లి స్టేషన్. రాత్రి ఒంటిగంటకు మూసేముందు శంఖం లాంటిది మూడుసార్లు ఊదుతారట. దాన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. పెద్దల్లుడు పదకొండేళ్లుగా వెతుకుతున్నాడు. తన జన్మకి ఆ ఒక్క ఉత్తరం చాలనుకునేవాడు. చిన్నల్లుడి తీగ ఉత్తరానికి పరిచి ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాడు.

ఒకనాడు భోజనాల దగ్గర చిన్నల్లుడు అన్నాడు—

"వచ్చే నెల తీగ దక్షిణానికి తిప్పుతానన్నయ్యా. నీ దీవిని ఇద్దరం కలిసి విందాం."

'ఇద్దరం' అన్న మాట పెద్దల్లుడి చెవికి ఎక్కలేదు. 'తిప్పుతా' అన్నదే ఎక్కింది. వీడి ఇల్లు బంగారం కానూ, అదొక్కటీ కూడా మిగల్చడా! ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు.

ఆ రాత్రే ఆయన నిర్ణయానికొచ్చేశాడు. తీగ తెంపితే కనపడిపోతుంది. రెసిస్టర్ తీసేస్తే? ఊరి గోలంతా వాడి చెవిలో పడుతుంది. నెలరోజులు కారణం తెలియక తల బాదుకుని, చివరికి రేడియో అటకెక్కించేస్తాడు.

జేబులో గడియారాల స్క్రూడ్రైవర్ వేసుకుని, పన్నెండు దాటాక బయల్దేరాడు.

బీడంతా నిశ్శబ్దం... గడ్డిలో తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినపడుతోంది. చిన్నల్లుడి ఇల్లు దూరంగా చుట్టి, పక్కనించి బట్టీ చేరాడు. ఊరి దీపాల వెలుగు ఆ ఎర్ర గోడ మీద పల్చగా పడుతోంది. ఆ వెలుగులోనే కడ్డీ కనపడింది.

ఊరికి వీపు పెట్టి గొంతుకూర్చున్నాడు. ముల్లంత స్క్రూలు నిద్రలో కూడా విప్పగల మనిషికి ఆ రెండు మరలు విప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది.

రెసిస్టర్ ఊడి అరచేతిలో పడింది.

పడ్డ మరుక్షణం— గోడ మీద వెలుగు ఆరిపోయింది.

ఊరంతా చీకటి. వెనకనించి వస్తున్న ఆ కాస్త మోటార్ల రొద కూడా ఆగిపోయింది. చెవుల్లో తన గుండె చప్పుడే...

'కరెంటు పోయింది, అంతే' అనుకున్నాడు. పైకే అనుకున్నాడు, ధైర్యం కోసం.

అప్పుడు వినపడింది. సరిగ్గా వెనక. జానెడు దూరంలో—

"తీసిందక్కడ పెట్టెయ్..."

పెద్దల్లుడు తిరగలేదు. పెట్టనూ లేదు. పిడికిలి బిగించి పరుగు లంకించుకున్నాడు. ఎక్కడ పడ్డాడో, ఎక్కడ లేచాడో తెలీదు. ఇల్లు చేరి తలుపు గడియ వేసి చూసుకుంటే మోకాళ్లు చీరుకుపోయాయి. రెసిస్టర్ మాత్రం పిడికిట్లోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే చిన్నల్లుడు రొప్పుతూ వచ్చాడు.

"అన్నయ్యా! నీ దీవి! తీగ తిప్పకముందే ఓసారి చూద్దామని రాత్రి దాని చోటే ముల్లు పెట్టి, రికార్డరు వేశా."

టేపు పెట్టాడు. కాసేపు బరబర... ఉన్నట్టుండి టప్పుమని ఒక చప్పుడు, వెంటనే ఊరి గోల హోరు. అది ఒక్క క్షణమే. మళ్లీ అంతా శుభ్రమైపోయింది. ఆ నిశ్శబ్దం లోపలినించి సన్నగా పాట. ఒక ఆడమనిషి ఏదో భాషలో నాలుగు మాటలు. తర్వాత శంఖం— ఒకటి, రెండు, మూడు.

పెద్దల్లుడికి అంతా అర్థమైంది. తీగ వెనక్కి వినడం మొదలెట్టింది, సరే. వెనకున్న ఊరు నోరు మూసుకుంది. ఊరి అవతల, దక్షిణాన, ఆ దీవి ఉంది. రేడియో, రికార్డరు బ్యాటరీవి కాబట్టి ఆగలేదు. పదకొండేళ్లుగా తాను వెతికినదాన్ని తన చేత్తోనే తీసుకెళ్లి తోడల్లుడి చెవిలో పెట్టాడు. చెరపకురా చెడేవు అని ఊరికే అన్నారా పెద్దలు?

"వింటున్నప్పుడు ఎలా అనిపించింది రా?" అన్నాడు.

"నేను వినలేదన్నయ్యా. టప్పుమనగానే తీగ కొస ఏమైందో చూద్దామని రికార్డరు వదిలేసి బయటికెళ్లా. తిరిగొచ్చాక టేపులో విన్నా."

బయటికెళ్లాడా?... అయితే ఆ గొంతు వీడిదే! ముసలాయనలా గొంతు మార్చి బెదరగొట్టాడన్నమాట. భయం పోయింది గానీ, ఆ చోటులో కోపం వచ్చి కూర్చుంది. అడుగుదామంటే నోరు రాదు. 'నన్ను పిలిచింది నువ్వేనా' అంటే, 'నీకక్కడేం పని' అంటాడు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండిపోయాడు. రెసిస్టర్ కొట్టులో గడియారం ముళ్ల డబ్బాలో పడేశాడు. ఆ డబ్బా తెరిచినప్పుడల్లా చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

ఆరు వారాలకు దీవినించి ఉత్తరం వచ్చింది. చిన్నల్లుడు దాన్ని పటం కట్టించి నేరుగా పెద్దల్లుడింటికే తెచ్చాడు.

ఉత్తరం మీద రెండు పేర్లున్నాయి. మొదటిది పెద్దల్లుడిది.

"నా పేరెందుకు రాశావు?"

"నువ్వు లేకపోతే ఇది వచ్చేదా అన్నయ్యా?"

ఎలా అన్నాడు ఆ మాట! ఎగతాళి ఉందేమోనని పెద్దల్లుడు వాడి మొహమంతా వెతికాడు. ఎక్కడా లేదు. పెళ్లాం ఆనందంగా మేకు కొట్టి, పటం గోడకి నడిమధ్య తగిలించింది. ఆ రాత్రి ఆయన దాని ఎదురుగా కూర్చున్నాడు గానీ కళ్లెత్తి చూడలేకపోయాడు. ఇన్నేళ్ల కడుపుమంట కంటే ఆ ఒక్క పటం ఎక్కువ కాల్చింది.

మర్నాడు చీకటి పడ్డాక రెసిస్టర్ జేబులో వేసుకుని చిన్నల్లుడింటికి వెళ్లాడు.

"తమ్ముడూ, ఆ కొస దాకా నడిచొద్దాం రా."

చిన్నల్లుడు టార్చి తీసుకున్నాడు. ఇద్దరూ తీగ వెంబడే నడిచారు. బట్టీ దగ్గర పెద్దల్లుడు జేబులోంచి రెసిస్టర్ తీసి టార్చి వెలుగులో పట్టుకున్నాడు.

"తీసింది నేనే రా. నీ ఉత్తరాలు చూసి ఓర్వలేకపోయాను."

"తెలుసన్నయ్యా."

"తెలుసా?"

"ఆ రాత్రి నేను సగం దూరం వచ్చేసరికి నువ్వు కూర్చుని ఉన్నావు. చీకట్లో అయినా నీ వీపు నాకు తెలీదా? నువ్వే తెస్తావని ఇంకోటి బిగించలేదు."

పెద్దల్లుడు తల దించుకున్నాడు. ఎలాగో కాస్త నవ్వు తెచ్చుకున్నాడు.

"తెలిసీ తిట్టలేదు, అది నీ మంచితనం. కానీ ముసలాయన గొంతుతో అలా పిలిచావు చూడూ... గుండె ఆగిపోయింది రా."

చిన్నల్లుడి చేతిలో టార్చి కదిలింది.

"ఎవరు... నేనా?"

"మరెవరు? నా వెనకే నిలబడి..."

"నేను దగ్గరికే రాలేదన్నయ్యా. నోరు కూడా విప్పలేదు." చిన్నల్లుడు గొంతు తగ్గించాడు. "పిలిస్తే నువ్వింక జన్మలో నా మొహం చూడలేవని, చీకట్లో నోరు మూసుకుని నిలబడిపోయాను."

పెద్దల్లుడికి భయం తర్వాత వేసింది. ముందు సిగ్గేసింది. చలిలో, చీకట్లో, పదకొండేళ్లుగా తాను వెతికిన పాట ఇంట్లో మోగుతుంటే, అది వినకుండా అన్నయ్య పరువు కోసం నిలబడ్డ మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడు వేసింది భయం.

గొంతుకూర్చున్నాడు. రెసిస్టర్ కడ్డీకి ఆనించాడు. మొదటి మర... రెండో మర... బిగించి చెయ్యి తీశాడు.

వెనక ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. ఎన్నాళ్లనించో బిగబట్టిన ఊపిరి. ఆపైన కర్ర చప్పుడు— టక్... టక్... పొగగొట్టం వైపు మెల్లగా వెళ్లిపోతూ.

"అన్నయ్యా..."

"ష్. నడు."

పెద్దల్లుడు తోడల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. ఇంటి గుమ్మం తగిలేదాకా ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరగలేదు.