నేల తాకిన నీలం గుడ్డ

భోజనం సగంలో ఉండగా ఫోన్ మోగింది. అమ్మ చెయ్యి కడుక్కుని ఫోన్ తీసింది. అవతలి మాటలు వింటూ వింటూ ఆమె మొహం వాడిపోయింది.

"బానెట్ మీదేనా టీచర్ గారూ? ...లేదు లేదు, మీరు కంగారు పడకండి. ఇప్పుడే వస్తున్నాను."

కూతురు ముద్ద చేతిలో పట్టుకుని చూస్తూ ఉంది. ఆ పిల్లకి పదేళ్లు. అసలు పేరు స్కూల్ రిజిస్టర్‌లో ఉంది గానీ, ఇంట్లో అందరూ చిటపట అనే పిలుస్తారు. వేడి పెనం మీద నీటి చుక్క పడితే ఎలా ఎగురుతుందో, మాట పడితే ఈ పిల్ల అలా ఎగురుతుంది.

"ఏమైందమ్మా?"

"నిన్న మనం చేసిన కారు. బానెట్ నిండా సన్న గీతలు ఉన్నాయట. నిన్న బేస్‌మెంట్ చీకట్లో తెలియలేదట. ఇవాళ ఎండలోకి తీస్తే కనబడ్డాయట."

"అవి ముందు నుంచే ఉండుంటాయి. మనమేమన్నా మేకుతో గీశామా?"

"వెళ్లి చూస్తే కదా తెలిసేది."

"చూసేదేముంది? ఆవిడ క్లాసులోనూ అంతే. ఆన్సర్ కరెక్టే అయినా, మధ్యలో ఒక్క స్టెప్ రాయలేదని మార్కులు కోసేస్తుంది. ఇప్పుడు మన మీద పడింది."

"ముందు ఆ ముద్ద మింగు. పోట్లాటకి బలం కావాలి కదా," అన్నాడు నాన్న, మజ్జిగ పోస్తూ.

చిటపట మింగలేదు. చెయ్యి కడిగేసుకుని చెప్పులేసుకుంది. అమ్మని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునే రకం కాదు ఆ పిల్ల.

అమ్మ వారానికి ఐదు రోజులు ఒక క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గర కూర్చుంటుంది. రెండు నెలల కిందట, శని ఆదివారాలు చెయ్యడానికి సొంతంగా ఒక పని మొదలుపెట్టింది. కార్ల డీటెయిలింగ్. కారు ఎక్కడికీ తీసుకెళ్లనక్కర్లేదు, అమ్మే కారు దగ్గరికి వెళ్తుంది. స్కూటర్ ముందు రెండు బకెట్లు, వెనక సంచిలో చిన్న వాక్యూమ్, బ్రష్‌లు, షాంపూ, మెత్తటి గుడ్డలు.

"అంటే మీ అమ్మ కార్లు కడుగుతుందా?" అని అడిగిన పాపానికి, క్లాసులో పక్క బెంచీ పిల్లతో చిటపట రెండు రోజులు మాట్లాడలేదు. కడగడం వేరు, ఇది వేరు. సీటు కుట్లలో ఇరుక్కున్న బిస్కెట్ పొడిని బ్రష్‌తో ఒక్కో పలుకూ తీసే ఓపిక ఎవరికుంటుంది? ఏసీ గాలి వచ్చే సందుల్లోకి ఇయర్‌బడ్ పెట్టి దుమ్ము తీసేవాళ్లు ఎంతమంది? అమ్మ తీస్తుంది.

అమ్మ పనికి కొన్ని రూల్సు ఉన్నాయి. నీలం గుడ్డలు కారు ఒంటికి. పసుపువి అద్దాలకి. ఎర్రవి చక్రాలకి. అన్నిటికన్నా పెద్ద రూలు ఒకటుంది. ఏ గుడ్డయినా చెయ్యి జారి నేల మీద పడితే, ఇక ఆ రోజుకి అది కారు ఒంటిని తాకకూడదు. నేరుగా చక్రాల ఎర్ర బకెట్‌లోకి పోవాలి. రెండు దులుపులు దులిపితే పోయే దుమ్ముకి ఇంత హంగామా ఏమిటా అని చిటపటకి లోలోపల అనిపించేది.

లెక్కల టీచర్ ఉండే బిల్డింగ్‌లో చాలా కార్లున్నాయి. "నాది బాగా చేస్తే ఇంకో ఎనిమిది మందికి చెప్తాను," అని కారు అప్పగించినప్పుడే అంది టీచర్. అమ్మ రెండు నెలలుగా ఎదురుచూస్తున్నది ఇలాంటి బిల్డింగ్ కోసమే.

వీళ్లు వెళ్లేసరికి టీచర్ చేతులు కట్టుకుని ఎండలో నిలబడి ఉంది. నల్లటి కారు తళతళ మెరుస్తోంది. కానీ బానెట్ మీద సన్నగా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి లెక్కలేనన్ని గీతలు. అమ్మకి తల కొట్టేసినట్టయింది.

"ఈ కారుని నేను గట్టి గుడ్డతో ఎప్పుడూ తుడవలేదు," అంది టీచర్. గొంతు పెంచలేదు. కానీ కోపం దాచుకోనూ లేదు.

చిటపట ఒంటికాలి మీద లేచింది. "మా అమ్మ కూడా తుడవలేదు టీచర్. అవి పాత గీతలు. మీరిప్పుడు చూసుకుని మా మీద తోస్తున్నారు."

"నువ్వు ఆగు," అంది అమ్మ.

అమ్మ ఫోన్ తీసింది. పని మొదలుపెట్టే ముందు ప్రతి కారుకీ టార్చ్ వేసి, నాలుగు పక్కలా ఫోటోలు తీస్తుంది. పాత సొట్టలూ గీతలూ ఏవన్నా ఉంటే అందులో కనబడతాయి. నిన్నటి ఫోటోల్లో బానెట్ దొరికింది. టార్చ్ వెలుగులో నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

అమ్మ ఆ ఫోటోని టీచర్‌కి తనే చూపించింది. "మీరన్నది నిజమే. ఇవి మా దగ్గర పడ్డవే."

చిటపటకి ఒళ్లు మండిపోయింది. "ఎందుకమ్మా చూపించావు? ఆవిడ అడిగిందా?" అని చెవిలో బుసకొట్టింది.

"ఎలా పడ్డాయి?" అంది టీచర్.

"అదే తెలియడం లేదండీ. ఈ వారం షాంపూ మార్చాను, దానివల్లో ఏమో. లేకపోతే నా చెయ్యే గట్టిగా నొక్కిందో. పాలిష్ పెట్టి గీతలు పోగొడతాను. సాయంత్రం ఇంకో కారు ఒప్పుకున్నాను, దాన్ని వదిలేస్తాను."

"సరే, పోగొట్టండి. కానీ ఎలా పడ్డాయో మీకే తెలియకపోతే మా వాళ్లకి మిమ్మల్ని ఏమని చెప్పను? రేపు వాళ్ల కార్లకీ ఇంతే జరిగితే?"

అమ్మ కారుని నీడలోకి పెట్టించి, పాలిష్ డబ్బా మూత తీసింది. చిన్న స్పాంజితో గుండ్రంగా రుద్దుతూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "చేతి మీద నమ్మకం పోయాక ఈ పని చెయ్యకూడదు. ఇదయ్యాక ఆపేద్దాం."

ఆపేయడమా? చిటపటకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. షాంపూ కంపెనీని తిట్టుకుంది. ఎండని తిట్టుకుంది. ఇవాళే కారు బయటికి తీసినందుకు టీచర్‌ని ఇంకోసారి తిట్టుకుంది.

"నిన్నటి గుడ్డల్లోంచి ఒకటి తీసుకురా, నేల మీద పరుచుకుంటాను," అంది అమ్మ.

వాడిన గుడ్డలు వల సంచిలో ఉన్నాయి. ఆదివారం సాయంత్రం అన్నీ కలిపి ఉతుకుతారు. చిటపట ఒక నీలం గుడ్డ లాగింది. వేలికి గరుకుగా ఏదో తగిలింది. చూస్తే, మెత్తటి నూలులో చిక్కుకుని ఒక ఇసుక పలుకు. దాని పక్కన ఇంకొకటి.

దులిపింది. రాలలేదు. గట్టిగా దులిపింది. అయినా అక్కడే ఉంది.



నిన్న అమ్మ కారు లోపల సీట్లు శుభ్రం చేస్తూ ఉంది. బానెట్ ఆరబెట్టే పని చిటపటది. చేతిలోంచి నీలం గుడ్డ జారి బేస్‌మెంట్ నేల మీద పడింది. కిందికి తెచ్చుకున్న వాటిలో అదే ఆఖరిది. ఇంకోటి కావాలంటే ర్యాంప్ ఎక్కి స్కూటర్ దాకా వెళ్లాలి. చిటపట గుడ్డని రెండుసార్లు దులిపింది. శుభ్రంగానే కనబడింది. దానితోనే గుండ్రంగా, మెరిసేదాకా, ప్రేమగా తుడిచింది.

ఆ సంగతి మర్చిపోలేదు. అదొక సంగతని అనుకోలేదు, అంతే.

గుడ్డని మళ్లీ సంచిలో కుక్కేయొచ్చు. సాయంత్రానికి సబ్బు నీళ్లలో ఇసుక పోతుంది. షాంపూదే తప్పని అందరూ అనుకుంటారు. లేదా అమ్మ చేతిదే అనుకుంటారు. అమ్మైతే అప్పుడే అనుకుంటోంది కూడా. బానెట్ మీద ఆ చెయ్యి భయంభయంగా తిరుగుతోంది, ఎన్నడూ లేనట్టు.

చిటపటకి ఈసారి వచ్చిన కోపాన్ని తోయడానికి ఎవరూ దొరకలేదు. గుడ్డ పట్టుకుని వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"షాంపూ కాదమ్మా. నీ చెయ్యీ కాదు. నిన్న ఇది కింద పడింది. నేను దులిపి తుడిచేశాను."

అమ్మ స్పాంజి ఆపింది. గుడ్డ తీసుకుని వేలితో తడిమి చూసింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"గుడ్డ ఎవరి చేతిలోంచైనా జారుతుంది. దానికి నేనేమీ అనను," అంది. "కానీ ఇందాకటి నుంచి నా చేతిని నేను తిట్టుకుంటున్నాను. నువ్వేమో టీచర్ గారి మీద ఎగిరావు. ఒక్కసారి, ఒక్కసారి నీ వైపు చూసుకున్నావా?"

చిటపట తల అడ్డంగా ఊపింది. తర్వాత టీచర్ వైపు తిరిగింది.

"సారీ టీచర్. పాత గీతలని నేనే అన్నాను. కాదు."

టీచర్ ఆ ఇసుక పలుకుని ఎండకి పెట్టి చూసింది. "ఇంతే ఉంది. ఇంత పని చేసింది," అంది. "నాకు కోపం ఇంకా తగ్గలేదు. కానీ ఎలా పడ్డాయో తెలిసింది. ముందు పని పూర్తి చెయ్యండి, తర్వాత చూద్దాం."

మూడు గంటలు పట్టింది. అమ్మ రుద్దింది, చిటపట టార్చ్ పట్టుకుంది. చెయ్యి లాగినా దించలేదు. మధ్యలో అమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదు. కానీ ఆమె చెయ్యి మాత్రం మళ్లీ ఎప్పటిలా ధీమాగా తిరగడం మొదలైంది. చివరికి టీచర్ కారుని ఎండలో పెట్టి, చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది.

"బానే ఉంది," అంది. చిటపటకి తెలుసు, ఆవిడ నోట్‌బుక్కుల్లో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎప్పుడూ రాయలేదు.

మరుసటి శనివారం అదే బిల్డింగ్ మూడో అంతస్తు నుంచి ఒకాయన పిలిచాడు. టీచర్ చెప్పిందట. అదే బేస్‌మెంట్, అవే ట్యూబ్‌లైట్లు. ఆయనకి ఎక్కడికో వెళ్లాలి. నిమిషానికోసారి వాచీ చూసుకుంటున్నాడు. అమ్మ వెనక డిక్కీలో వాక్యూమ్ నడుపుతోంది. ఆ చప్పుడులో ఆమెకి ఏదీ వినబడదు.

చిటపట తలుపు తుడుస్తోంది. తడి చేతిలోంచి నీలం గుడ్డ జారింది. కింద పడింది. చేతిలో ఇంకోటి లేదు. కొత్తవి పైన, స్కూటర్ సంచిలో ఉన్నాయి.

ఆయన అది చూశాడు. "దులిపి తుడిచెయ్ పాపా. టైమైపోతోంది."

చిటపట మొహం ఎర్రబడింది. ఆ మాట ఆయన అన్నందుకు కోపం వచ్చింది. వారం కిందట అదే మాట తనకి తను చెప్పుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది.

"రెండు నిమిషాలు ఆగండి అంకుల్. ఇంకోటి తెస్తాను."

"రెండు దులుపులు దులిపితే పోయే దుమ్మే కదమ్మా."

"పోదండీ," అంది చిటపట. "నేను దులిపి చూశాను."

గుడ్డని ఎర్ర బకెట్‌లో పడేసి, ర్యాంప్ మీదికి పరుగెత్తింది.