వెనక సీట్లో బ్రేకు

"అంకుల్, వెనక సీట్లో బ్రేకు ఉండదు."

చందన మా నాన్నతో అన్న మొదటి మాట అది. అద్దంలోంచి చూస్తూ, నవ్వును పెదవుల దగ్గరే ఆపుకుని అంది. అప్పటికి నేను పాయా లేబర్‌లోని కార్ల షోరూం గేటు దాటి రెండు వందల మీటర్లు కూడా నడపలేదు. నాన్న కుడికాలు మాత్రం కింద కార్పెట్‌ని ఏడుసార్లు తొక్కేసింది.

"అలవాటమ్మా," అన్నాడు నాన్న.

"మీరు కూడా కొంచెం స్పీడు పెంచచ్చు సార్," అంది నాతో. "ఈ రోడ్డు లిమిట్ యాభై. మీరు ఇరవై ఎనిమిదిలో ఉన్నారు."

"సేఫ్‌గా ఉండాలి కదా."

"సేఫే లా," అంది, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి. "కానీ వెనక బస్సు హారన్ కొడుతోంది."

నాన్న వెనక్కి తిరిగి ఆ బస్సుని చూశాడు. "కొత్త డ్రైవరు. ఓపిక లేదు," అని తేల్చేశాడు.

నాన్న పేరు కన్నయ్య. మలేషియాలోని జొహోర్ నుంచి పని వెతుక్కుంటూ ఈ ద్వీపనగరానికి వచ్చి, ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడ సిటీ బస్సు నడిపాడు. బస్సులో నిలబడ్డ ముసలమ్మ, చేతిలో మార్కెట్ సంచి ఉన్నా సరే, ఒక్క అడుగు తూలకూడదు. బ్రేకంటే ఆయన దృష్టిలో అది. అందుకే ఇంకొకరు నడిపే బండిలో ఆయన కుడికాలికి విశ్రాంతి ఉండదు. టాక్సీలోనూ అంతే, పక్కింటి చక్రధర్ అంకుల్ కారులోనూ అంతే. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే కాబట్టి నన్ను అసలే నమ్మడు.

నా పేరు సురేన్. మా వంశంలో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ణి. లిఫ్టుల కంపెనీలో ఇంజినీరుని. మా అమ్మ గౌరమ్మకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్ నుంచి ఫిజియోథెరపీకి వెళ్ళాలంటే రెండు రైళ్ళు మారాలి, ఒక ఓవర్‌బ్రిడ్జి ఎక్కాలి. ఆ బ్రిడ్జి మెట్ల మధ్యలో అమ్మ ఆగిపోయి, ఫోను వచ్చినట్టు నటించడం ఒకరోజు చూశాను. ఆ సాయంత్రమే చిన్న కారు ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాను.

చందన ఆ షోరూంలో సేల్స్ ఎగ్జిక్యూటివ్. రకరకాల కంపెనీల చిన్న కార్లు అక్కడ ఒకేచోట దొరుకుతాయి. మొదటి శనివారం నడిపిన కారులో నాన్న మోకాళ్ళు ముందు సీటుకి తగిలాయి. రెండో శనివారం నడిపింది వెండి రంగు కారు. తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది, సీటు సరైన ఎత్తులో ఉంది. అమ్మ వంగకుండా కూర్చోవచ్చు, లేవవచ్చు.

అక్కడితో నా పని అయిపోవాలి. కాలేదు.

"ఎలా ఉంది సార్?" అంది చందన.

"బాగుంది. కానీ... ఇంకొకటి చూద్దామా?"

మూడో శనివారం ఇంకొకటి చూశాను. నాలుగో శనివారం మరొకటి. టర్నింగులో ఆమె చెవి జూకా ఊగుతుంటే అద్దం చూడాల్సిన కళ్ళు అటే పోయేవి. ఆమె చెయ్యి చాచి, వేలితో రోడ్డు చూపించేది. "రోడ్డు అటుంది సార్." నాన్న వెనక నుంచి కాలు తొక్కేవాడు.

ఇంత జరుగుతున్నా నేను నోరు విప్పకపోవడానికి ఒక కారణం ఉంది.

చందన నాతో ఇంగ్లీషులో, నాన్నతో తమిళంలో మాట్లాడేది. మేమూ అంతే. ఇక్కడ మన ముఖం చూడగానే అందరూ తమిళంలోనే పలకరిస్తారు. మలేషియాలో పుట్టిన మా నాన్నకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పక్కన వేరేవాళ్ళు ఉండగా వాళ్ళకి అర్థం కాని భాషలో మాట్లాడితే మర్యాద కాదంటాడు. అందుకని కారులో నాతో కూడా తమిళమే.

ఇక అమ్మ. నా పెళ్ళి గురించి అమ్మ పెట్టిన షరతు ఒక్కటే.

"ఏ ఊరి పిల్లైనా సరే రా, ఏ ఉద్యోగమైనా సరే. వంట రాకపోయినా సరే. నాతో తెలుగులో పోట్లాడాలి. పోట్లాట మధ్యలో మాటలు వెతుక్కునే ఓపిక నాకు లేదు."

నేను సరేనన్నాను. మాట ఇచ్చాను. అమ్మ నన్ను ఇంకేదీ అడగలేదు, ఎప్పుడూ.

అందుకే శనివారాలు లెక్కపెట్టుకుంటూ తిరిగాను. కార్లు అయిపోతే ఆమెను చూసే వంక కూడా అయిపోతుంది.

ఐదో శనివారం చందన నోట్‌బుక్ మూసేసింది. "సార్, నిజం చెప్పండి. మీరు కారు కొంటారా, లేక కార్ల మీద పరీక్ష రాస్తున్నారా?"

"కొంటాను."

"మా బాస్ మీకు పేరు పెట్టాడు. సాటర్డే సార్ అని. మీకు అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడల్లా నన్ను చూసి నవ్వుతాడు." ఆమె గొంతులో ఎగతాళి లేదు, అలసట ఉంది. "ఇక మా దగ్గర చిన్నది ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత వ్యానే."

ఆరో శనివారం పొద్దున్నే వాన మొదలైంది. వాన పడుతుంటే కారుని మెయిన్ రోడ్డు వరకూ షోరూం వాళ్ళే తీయాలని ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుంది. మెయిన్ రోడ్డు వచ్చినా వాన తగ్గలేదు.

"పుంగ్గోల్ వైపు వెళ్దాం సార్. మా ఇల్లు అటే, రోడ్లన్నీ నాకు తెలుసు. వాన ఆగాక మీరు నడపండి."

ఆమె నడిపే బండిలో కూర్చోవడం అదే మొదటిసారి. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. నేను కిటికీలోంచి చూస్తూ, ఆఖరి శనివారం ఇంత త్వరగా ఎందుకొచ్చిందా అనుకుంటున్నాను.

నీటి ఒడ్డున కార్‌పార్క్‌లోకి తిరగబోతుండగా, పొదల్లోంచి నల్లగా, తడిగా ఏవో రోడ్డు మీదికి వచ్చాయి. నీటికుక్కలు. ఒకటి కాదు, సంసారం మొత్తం.

బండి ఆగింది. ఆగినట్టే తెలియలేదు.

"అమ్మ బాబోయ్, పిల్లలు కూడా ఉన్నాయి!" అంది చందన.

"మెల్లగా తల్లీ, వెనకాల ఇంకోటుంది," అన్నాడు నాన్న.

"చూశానండీ. దాని కాలికి దెబ్బ తగిలినట్టుంది, పాపం."

ఆఖరి నీటికుక్క కుంటుకుంటూ దాటింది. వైపర్లు నాలుగుసార్లు ఊగాయి. అప్పుడు ముగ్గురమూ ఒకరినొకరు చూసుకున్నాం.

"మీరు తెలుగువాళ్ళా!" ఈ ప్రశ్న ఎవరు ముందు అడిగారో ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

"ఆరు వారాలు!" చందన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టింది. "ఆరు వారాలు నా చేత తమిళం మాట్లాడించారు కదండీ! మా సీతాలక్ష్మి అవ్వకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"నువ్వు మాత్రం? ఒక్క ముక్కైనా అన్నావా?" నాన్న నవ్వుతున్నాడు. "మీదేవూరమ్మా?"

"మా తాతగారి తాత విశాఖపట్నం నుంచి ఓడెక్కారటండీ. నేను పుంగ్గోలే."

"నీ తెలుగు మా అమ్మ మాట్లాడినట్టుంది," అన్నాడు నాన్న.

ఆమె కారు పార్క్ చేసింది. నాన్న గొడుగు అందుకున్నాడు.

"ఆ దెబ్బ తగిలినదాన్ని ఒకసారి చూసొస్తాను," అన్నాడు.

"నాన్నా, ఈ వానలోనా?"

"గొడుగుంది కదరా," అంటూ దిగి తలుపు వేశాడు. తర్వాత నీటివైపు కాకుండా ఎదురుగా ఉన్న షెడ్డు కిందికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు.

"చందనగారూ, నాకు రెండో వారమే కారు నచ్చింది. ఆ వెండి రంగుది. తర్వాత నాలుగు వారాలూ మీ కోసం వచ్చాను. చెప్పకపోవడం తప్పే. మా అమ్మకి తెలుగు కోడలు కావాలి, నేను మాటిచ్చాను. మీరు తమిళ అమ్మాయి అనుకున్నాను. మీ టైమంతా పాడుచేశాను. సారీ."

ఆమె అద్దం మీద పొగమంచులా పట్టిన ఆవిరిని వేలితో తుడిచింది.

"వెండి రంగుదని నాకు తెలుసు."

"ఎలా?"

"ఆ రోజు మీరు తలుపు పదకొండుసార్లు తెరిచి మూశారు. కొనేవాళ్ళే అలా చేస్తారు. మూడో వారం మళ్ళీ వస్తే... ఎందుకొచ్చారో అనుకున్నాను. నాలుగో వారం నుంచి ఆ జూకాలు పెట్టుకున్నాను." నా వైపు తిరిగింది. "ఐదో వారానికి కోపం వచ్చింది. మనిషి నోరు తెరవడే! చెప్పడానికి కూడా ఇరవై ఎనిమిదేనా మీ స్పీడు?"

"ఇప్పుడు లిమిట్ ఎంత?"

"ముందు మీ అమ్మగారిని అడగండి లా," అంది. జూకాలు ఊగాయి.

ఇక్కడ కారు కొనాలంటే దాన్ని పదేళ్ళు నడుపుకునే హక్కు కోసం వేలం పాడాలి. ఒకసారి తప్పింది, రెండోసారి దొరికింది. ఆ రోజుల్లో నేనూ చందనా హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ళ బజారులో, ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ పట్టుకుని, టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం. అమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు, ముందు చందనని తనే చూడాలని.

కారు ఇచ్చే రోజు అమ్మ నాలుగు నిమ్మకాయలు, కుంకుమ భరిణె తెచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు పెట్టబోతుంటే చందన అడ్డం వచ్చింది.

"అత్తా, వెనక చక్రాలకి పెట్టకూడదండీ. ముందు రెండింటికే. మా అవ్వ అలాగే పెడుతుంది."

అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కారుకి నాలుగు చక్రాలుంటే రెండింటికే దిష్టి తగులుతుందా?"

"ముందు చక్రం తొక్కిన కాయనే మళ్ళీ వెనక చక్రం తొక్కుతుందండీ. రెండు కాయలు దండగ."

"దండగా! నువ్వెవరు తల్లీ నా నిమ్మకాయల లెక్క చూడ్డానికి?"

"కారు అమ్మినదాన్నండీ. నాకు చెప్పే హక్కుంది."

ఒక్క మాట కోసం కూడా ఇద్దరూ ఆగలేదు, వెతుక్కోలేదు. పది నిమిషాల తర్వాత అమ్మ నన్ను పక్కకి లాగింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎవర్రా ఈ పిల్ల? ఏం నోరు! దీనికి సంబంధాలు చూస్తున్నారేమో కనుక్కో."

"కనుక్కున్నానమ్మా."

అమ్మ నన్ను చూసింది, ఆమెను చూసింది, నాన్నను చూసింది. నాన్న ఆకాశంలోకి చూశాడు. "మీ ఇద్దరి సంగతి ఇంటికెళ్ళాక చెప్తాను," అని, చేతిలో మిగిలిన రెండు నిమ్మకాయలూ చందన చేతిలో పెట్టింది. "ఇవి మీ అవ్వకివ్వు. వచ్చే ఆదివారం వస్తున్నామని చెప్పు. ఈ విషయం ఆవిడతోనే తేల్చుకుంటాను."

తాళాలు చందనకే ఇచ్చాను. మొదటిసారి అమ్మ ముందు సీట్లో కూర్చుంది, వంగకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. నేనూ నాన్నా వెనక కూర్చున్నాం. బుకిట్ బటోక్ దాకా ముందు సీట్లలో నిమ్మకాయల వాదన సాగుతూనే ఉంది.

ఒక సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు అలవాటుగా నాన్న కుడికాలి వైపు చూశాను. చెప్పు విడిచేసి ఉంది. కాలు కదలడం లేదు.

తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, నాన్న హాయిగా నిద్రపోతున్నాడు.