చేను కింద చీకటి

అమావాస్య పొద్దున సుబ్బరత్నమ్మ వంటింట్లో దీపానికి వత్తి చేస్తోంది. అత్త మారెక్క పోయినప్పటి నుంచీ ప్రతి అమావాస్యకూ చేనులో ఆమె సమాధి దగ్గర దీపం పెట్టడం ఆ ఇంటి వాడుక. ఆ చేనునే సుబ్బరత్నమ్మ మొగుడు హంపన్న ఇనుపరాయి తవ్వకానికి కంట్రాక్టరుకు ఇచ్చాడు. శనక్కాయ ఏడాదికోసారి పండుతుంది, రాయి రోజూ పండుతుంది అని అందరూ ఎగబడుతుంటే ఆయనొక్కడూ బుద్ధిమంతుడిగా ఉంటాడా?

కూతురు భూమిక అడిగింది ఒక్కటే, అవ్వ సమాధిని ముట్టుకోకూడదని. హంపన్న ఆమె తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అయినా ఆ పిల్ల తండ్రితో మాటలు తగ్గించింది. కాలేజీ సెలవులకు సొంతూరు కప్పగల్లు వచ్చినా పగలంతా కంప్యూటర్లో ఏదో ఆటే. ఆ ఆటలో కొండలు, చేన్లు ఎక్కడికైనా తిరగొచ్చు, నేల తవ్వి కింది గుహల్లోకి దిగొచ్చు.

నిన్నటి నుంచీ హంపన్నకు అన్నం సయించడం లేదు. వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. తెరమీద అంతా చీకటి. భూమిక దారి పొడుగునా ఎడమ గోడకే దివిటీలు గుచ్చుకుంటూ పోతోంది. ఎందుకని అడిగితే, వెనక్కి వచ్చేటప్పుడు అవి కుడివైపుంటే దారి తప్పమని చెప్పింది. చాలా రోజులకు కూతురు అన్ని మాటలు మాట్లాడేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తానూ ఆడతానని మౌస్ అందుకున్నాడు.

గోడలో ఇనుపరాయి కనబడింది. రాయి కనబడ్డాక ఆగే మనిషి కాదు కదా, పైపైకి తవ్వుకుంటూ పోయాడు. ఉన్నట్టుండి కప్పు కూలి మన్ను రాలింది, వెలుతురు పడింది. పైన అంచున ఒక వేపచెట్టు, దాని మొదట్లో సగం కూలిన రాతిగద్దె.

"ఇది యాడమ్మా?"

"మన చేను నాయనా. ఆటలో నేనే కట్టినా. నువ్వు తవ్వింది అవ్వ సమాధి కింద."

ఆటే కదా, రాళ్ళు మళ్ళీ పేర్చుకోవచ్చని కూడా ఆమె మామూలుగానే అంది. హంపన్న చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.

"ఆడ పేర్చనీక ఏమీ లేదు పాపా," అన్నాడు.

సుబ్బరత్నమ్మ వత్తి చేత్తోనే పట్టుకుని గడపలోకి వచ్చింది. ఆయన తల వంచుకుని అంతా చెప్పాడు. సమాధి కిందే మంచి రాయి ఉందనీ, ఎముకలు తీసి ఇంకోచోట పూడ్చుకోమనీ కంట్రాక్టరు అడిగితే సరేనన్నాడట. నిన్న పొద్దునే పని. రాహుకాలంలో తల్లిని ఎట్లా కదిలిస్తానని అది పోయేదాకా ఇంట్లోనే కూర్చున్నాడు. మిషనుకు రాహుకాలం ఉండదు. ఆయన పోయేసరికి అక్కడ గుంత మాత్రమే ఉంది, నిండిన లారీలు కదిలిపోయాయి.

"మా యమ్మను రాయితో పాటు లారీకి ఎత్తేసినారు. ఏ లారీనో ఎవరికీ తెలీదు."

"నా తలమీద చెయ్యి పెట్టి చెప్పినావు," అంది భూమిక.

సుబ్బరత్నమ్మ తిట్టలేదు. తిట్టివుంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. "ఇప్పుడు దీపం యాడ పెట్టల్ల? నువ్వే చెప్పు," అంది. హంపన్న చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

చివరికి ఆమె దీపం వెలిగించి వీధి అరుగు మీద పెట్టింది. ఎదురుగా రోడ్డు. ఎర్రదుమ్ము లేపుకుంటూ ఒక లారీ పోయింది, ఆ గాలికి దీపం ఆరింది. మళ్ళీ వెలిగించింది. భూమిక వచ్చి ఒక పక్క చెయ్యి అడ్డం పెట్టింది. రెండో పక్కకు తండ్రిని కూర్చోమని కళ్ళతోనే చెప్పింది.

ఇంకో లారీ వచ్చింది. హంపన్న లేచి దానికి చేతులు జోడించాడు.