మూడో క్యూబ్

సోమవారం ఉదయం 7.10. చిల్లకల్లు దగ్గర కాంక్రీట్ బ్లాకుల యూనిట్. బలం పరీక్షించడానికి పోసిన కాంక్రీట్ క్యూబులు నానబెట్టే నీళ్ల తొట్టిలో సుభాని బోర్లా తేలుతున్నాడు. నుదుటి మీద దెబ్బ.

సుభాని ల్యాబ్ టెక్నీషియన్. కొంత సిమెంట్‌కి బదులు ఊక బూడిద కలిపిన కాంక్రీట్‌ని రెండేళ్లుగా పరీక్షిస్తున్నాడు. అతని ఫోన్ నుంచి యజమాని కొండలరావుకి ఆదివారం సాయంత్రం 6.12కి మెసేజ్ వెళ్లింది. “మూడు క్యూబుల బలం సగటు పదమూడు. ఫెయిల్. నన్ను క్షమించండి.”

ఇంకేముంది, అవమానం తట్టుకోలేక చనిపోయాడని అందరూ తేల్చేశారు.

“మా ఆయన ప్రాణం తీసుకోలేదు మేడమ్,” అంది భార్య లాల్‌బీ. “మాలో అది పెద్ద పాపం. ఆ మాట నా పిల్లలు జన్మంతా మోయాలా?”

“చివరిసారి ఎప్పుడు మాట్లాడాడు?” ఎస్సై మెహరాజ్ అడిగింది.

“నిన్న 3.50కి. మెషిన్‌లో రెండు క్యూబులు పగలగొట్టా, కరెంటు పోయింది, మూడోది ఉందన్నాడు. పోసిన ఏడో రోజు బలం తక్కువే వస్తదంట. బూడిదది నిదానం, ఇరవై ఎనిమిదో రోజు చూడు అని నవ్వాడు.”

లాల్‌బీ ఇంటి ముందు మెట్టంతా పగిలిన క్యూబుల ముక్కలతో కట్టిందే. పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన తేదీలు పైకి కనిపిస్తున్నాయి. పగలగొట్టిన ప్రతిదాన్నీ పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చేవాడట. మెహరాజ్ ఆ తేదీల మీద కాలు పెట్టలేకపోయింది.

మరుసటి రోజు నుంచి కూలీలు ల్యాబ్ వైపు వెళ్లడం మానేశారు. సుభానికి ఒక అలవాటు. ప్రతి క్యూబునీ వేలి కణుపుతో మూడుసార్లు తట్టి, చెవి పెట్టి వినేవాడు. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోందన్నారు.

మెహరాజ్ పట్టపగలే వెళ్లి తొట్టి పక్కన నిలబడింది. మనిషి లేడు. నీళ్లు కదల్లేదు.

టక్. టక్. టక్.

పోలీసు బుర్ర ఒప్పుకోలేదు. చెవి ఒప్పుకుంది. ఆమెకి నిజంగానే భయం వేసింది.

ఆ క్యూబులు పోసిన ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ ఆదివారం పడింది. ఉదయం 10.30కి మెహరాజ్ లాల్‌బీతో సహా అందరినీ ల్యాబ్‌కి పిలిచింది. క్వాలిటీ ఇంజనీర్ భార్గవ, సుభాని చేసిన క్యూబుని మెషిన్‌లో పెట్టాడు. అంకె పెరిగింది. పదమూడు దాటింది. ఇరవై దాటింది. ఇరవై ఏడు దగ్గర క్యూబు పగిలింది.

“పాతిక వస్తే చాలు. పాసయిందే,” అన్నాడు కొండలరావు.

“అవుతుందని సుభానికి తెలుసు,” అంది మెహరాజ్. “ ఏడో రోజున ఫెయిల్ అని అతను రాయడు. ఏడో రోజుకే బలం వచ్చేసే సిమెంట్ లెక్క ఒక్కటే తెలిసినవాళ్లు రాస్తారు. భార్గవ గారూ, ఆ రోజు ఎన్నింటికి వెళ్లారు?”

“నాలుగింటికే వెళ్లిపోయానండీ.”

“కరెంటు ఎప్పుడొచ్చింది?”

“ఆరింటికి.”

“నాలుగింటికి వెళ్లినవారికి ఎలా తెలుసు?”

భార్గవ చూపు మెషిన్ మీదికి పోయింది.

“మెషిన్‌లో నమోదైన మూడో క్యూబు టైమ్ సాయంత్రం 6.05. మొదటి రెండూ పేపర్లో చుట్టి బల్ల కింద ఉన్నాయి. మూడోది చెత్తకుప్పలో దొరికింది. సుభాని ఏ ముక్కనీ పారేసేవాడు కాదు. ఈ మెషిన్ తెలిసినవాళ్లు మీరిద్దరే. మూడు లేకుండా సగటు రాయడం మీ చేతికి రాలేదు. దొంగ మెసేజ్‌కి కూడా మూడోది పగలగొట్టారు.”

“ఎందుకు చేశాడు?” కొండలరావు అడిగాడు.

“సుభాని బాగా కాలిన తెల్ల బూడిద జల్లించి వాడేవాడు. ఈయన అంగన్‌వాడీ స్లాబులో మిల్లు నుంచి వచ్చిన సగం కాలిన, బలం ఇవ్వని నల్ల బూడిద కలిపించాడు. ఆ సంగతి సోమవారం మీకు చెబుతానని సుభాని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.”

మెహరాజ్ ఇంకో క్యూబుని కణుపుతో తట్టింది. టక్. టక్. టక్.

“కొట్టొద్దు,” భార్గవ చెవులు మూసుకున్నాడు. “తోశానంతే. తల గట్టుకి తగిలి నీళ్లలో పడ్డాడు. చచ్చిపోయాడనుకున్నా. మెషిన్ దగ్గరున్నప్పుడు వినపడింది... లోపల్నుంచి తొట్టి గోడ మీద కొడుతున్నాడు.”

“వెళ్లలేదా?”

“మెషిన్‌లో మూడో క్యూబు సగంలో ఉంది.”



భార్గవని ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది. ‘ఆత్మహత్య’ అన్న మాట కొట్టేసిన కాగితం మెహరాజ్ లాల్‌బీకి చూపించింది. ఆమె దాన్ని కళ్లకి అద్దుకుంది. తర్వాత తొట్టి పక్కన కూర్చుని, తడి గోడ మీద కణుపుతో మూడుసార్లు తట్టింది.

“విన్నా,” అంది. “ఇంక పడుకో.”