ఊపిరి చెమ్మ

"ఏమండీ, ఇది బివీ సంచీనా, నీళ్ళ సంచీనా?"

లెక్కల మాస్టారు కొండ మీంచి తిన్నగా షాపుకొచ్చి, కుట్టు మిషన్ మీద సంచీ పడేశాడు. మనిషి తడిసిన కోడిపిల్లలా ఉన్నాడు. కోపం మాత్రం కోడిపుంజుది.

మిషన్ వెనక అమ్మాయి కుట్టడం ఆపేసింది. తాత నాటి నుంచీ ఆ షాపులో కుట్టేది లారీ టార్పాలిన్లే. "చలికాలం కొండలెక్కేవాళ్ళకి తేలిక టార్పులూ, వాటి కింద దూరి పడుకునే బివీ సంచీలూ కుడతాను నాన్నా" అని ఆమె కాళ్ళావేళ్ళా పడితే, "మొదటి సంచీ తిరిగొచ్చిందో, మళ్ళీ లారీలే" అని షరతు పెట్టాడు తండ్రి. ఆ మొదటి సంచీయే ఇది. ఆ తండ్రి పక్కనే కత్తెర పట్టుకుని చెవులు రిక్కించాడు.

"పైన టార్ప్ కట్టారా?" అనడిగింది ఆమె.

"కట్టాను."

"వాన పడిందా?"

"చుక్క లేదు. ఒట్టి చలే. పళ్ళు టకటకలాడాయి."

"మరి నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయి మాస్టారూ? లెక్క చెప్పండి!"

ఆమె సంచీ తిరగేసింది. బయట పొడి. లోపల, మొహం ఉండే చోటే తడి.

"జిప్పు మొత్తం లాగేసుకుని, మూతి లోపల దాచుకుని పడుకున్నారు. ఇది మీ ఊపిరేనండీ! చల్లటి గుడ్డ తగిలి నీళ్ళయింది."

మాస్టారు నాలుక్కరుచుకున్నాడు. "అంటే, నన్ను నేనే తడుపుకున్నానా?"

ఆమెకి నవ్వాగలేదు. ఆ నవ్వు చూశాక అతనికి కోపమెందుకొచ్చిందో కూడా గుర్తులేదు.

"సారీ అండీ, తప్పు నాదే."

"మీదెలా అవుతుంది? చలేస్తే ఎవరైనా మూతి దాచుకుంటారు. అక్కడ గాలాడే వల పెట్టకపోవడం నా తప్పు."

"కాదండీ, నాదే."

"నాదంటుంటే!"

"ఓరి నాయనో" అన్నాడు తండ్రి. "లాభం కోసం కొట్టుకునేవాళ్ళని చూశాను గానీ, తప్పు కోసం కొట్టుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. వల పెట్టి కుట్టు అమ్మడూ. బాబూ, ఈసారి మా పెరట్లో పడుకో. తెల్లారి పొడిగా ఉంటే సరే సరి. లేదా, లారీలే."

వల కుట్టిన మర్నాడు తెల్లారేసరికి పెరడంతా మంచు. రాత్రే గాలి వచ్చే వైపు టార్ప్ అంచుని నేలకి ఆనించి కట్టి, మాస్టారిని దాని కింద పడుకోబెట్టారు. మాస్టారు లేవగానే తండ్రి గొంతుక్కూర్చుని సంచీలోకి చెయ్యి పోనిచ్చాడు. ఆమె గుమ్మంలో గోళ్ళు కొరుక్కుంటోంది.

"పొడిగా ఉంది" అన్నాడు. "నా కూతురు కుట్టింది మరి!"

ఆమె పట్టలేని సంతోషంతో గెంతింది. "హాయిగా నిద్ర పట్టిందా మాస్టారూ?"

"కన్ను మూస్తే ఒట్టు."

ఆమె మొహం వాడిపోయింది. "చలేసిందా?"

"లేదండీ, వెచ్చగానే ఉంది. మీ కిటికీలో లైటు వెలుగుతూనే ఉంది కదా. మీరు మేలుకున్నది సంచీ కోసమా, నా కోసమా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ముందు సంచీ కోసమే. తర్వాత... మీ కోసం."

తండ్రి గట్టిగా దగ్గి లేచాడు.

"సంచీ పాసైంది బాబూ. నీ సంగతే తేలాలి. సాయంత్రం మళ్ళీ రా. సంచీతో కాదు, మీ అమ్మానాన్నల్తో."