గదవ మీద మూడు చుక్కలు

సూర్యాపేట నుంచి ఇటు కోదాడ దాకా, అటు మిర్యాలగూడ దాకా గాలించినా, దెయ్యానికి భయపడనోడు ఒక్కడే దొరుకుతడు. ఆ ఒక్కన్ని నేనే. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఆ తర్వాత నాకు వేరే పనులుంటయి.

అందుకే సూర్యాపేటల కోదాడ రోడ్డు పక్క సందుల ఉన్న ఆ మూతబడ్డ ఫొటో స్టూడియో దిక్కు, పొద్దుగూకినంక నేను పోను. నేనే కాదు, ఆటోవాళ్లు కూడా సందు మొదట్లనే ఆపి, "జర నడువుర్రి" అంటరు.

దాని సంగతి ఇట్ల చెప్తరు.

స్టూడియో నడిపిన సాంసన్ తాత చేతి పని గట్టిది. పోయినోళ్ల ఫొటో, ఏ ఓటరు కార్డు మీదిదో తెచ్చిస్తే, పెద్దగ చేసి, దండ వేసుకునేటట్టు ఫ్రేము కట్టించి ఇచ్చేటోడు. ముడుతలు తుడుచుడు అంటే ఆయనకు పిచ్చి. తుంగతుర్తి దిక్కు ఒకామె ఫొటోను ఎంత తుడిచిండంటే... తీసుకపోవడానికి వచ్చిన కొడుకు చూసి, "ఈమె మా అమ్మ కాదు" అని ఉత్త చేతులతోని వాపస్ పోయిండట. ఫొటో ఆడనే ఉండిపోయింది. కొన్నేండ్లకు సాంసన్ తాత కూడా పోయిండు.

అప్పటి నుంచి ఆ మేడ మీద ఎవరు పండుకున్నా, నడిరాత్రి అద్దం మీద గోటితో గీకిన చప్పుడు అయితదట. ఆ వెనుక ఒక గొంతు—

"నా ముడుతలు ఏడబెట్టినవ్ బిడ్డా...?"

సరిగ్గ ఆ మేడ మీది గదినే మా దోస్తు యోహాను కిరాయికి తీసుకున్నడు.

యోహానుది కోదాడ. కంప్యూటర్ ఆటలల్ల వచ్చే మనుషులకు మొహాలు గీస్తడు. హైదరాబాద్ల ఒక ఆటల కంపెనీ వానికి పన్నెండు మొహాలు అప్పజెప్పింది. రాజు, సేనాపతి, మంత్రగత్తె, తండాకు కాపలా ఉండే ముసలమ్మ, ఇంకా ఎవరెవరో. అన్నీ గీసి పంపినంక కబురొచ్చింది: అందర్నీ పాతికేండ్లకు దించాలె, ఆడేటోళ్లకు ముసలి మొహాలు నచ్చుత లేవట. తెల్లారి తొమ్మిదింటికల్ల అందితే ఉద్యోగం. అందకపోతే మిర్యాలగూడల బావ రైసు మిల్లుల బస్తాలు కుట్టుడు. బావ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, "ఎప్పుడు వస్తున్నవ్?" అని ప్రేమగ అడిగిండు.

కాపలా ముసలమ్మ మొహానికి ఫొటో ఇచ్చింది నేనే. మాది ఆత్మకూర్ దిక్కు తండా. ఆ ఫొటో మా దాదిది, అంటే మా నాయినమ్మ మంగ్లీది.

దాది ఆ రోజే కండ్ల దవాఖానకు వచ్చి నా రూంల దిగింది. "ఆటల నేనున్ననట గద, సూపియ్యి" అంటే, వెలుతురు ఉండంగనే యోహాను గదికి తీసుకపోయిన. వాడు తెర మీద పాతికేండ్ల దాదిని చూపించిండు. మొహం గోళీకాయ తీరు నున్నగ మెరుస్తున్నది. దాది చాలసేపు చూసింది. ఆమెను కుర్చీల కూర్చోబెట్టి మేమిద్దరం కిందికి పోయి చాయ్ తాగి వచ్చినం. వచ్చేసరికి తెర ఆరిపోయి ఉన్నది, దాది కునుకు తీస్తున్నది. లేపి ఇంటికి తీసుకపోయిన.

ఇగ ఆ రాత్రిది, యోహాను నాకు చెప్పిందే చెప్తున్న.

పదకొండు దాటింది. రంగులు సరిగ కనబడాలని వాడు లైటు బంద్ చేసే పని చేస్తడు. మొహాలన్నీ ఒక్కసారి చూసుకొని పంపుదామని తెర వెలిగించిండు. పాతికేండ్ల మంగ్లీ కనబడ్డది.

ఆమె గదవ మీద, కింది పెదవికి దిగువన... మూడు చుక్కలు.

ఫొటో మీది మరకలనుకొని పొద్దున తన చేతులతోనే తుడిచేసిన చుక్కలు. మళ్ళ వచ్చినయి.

వాడు గబగబ ఆ బొమ్మ మూసి రాజును తెరిచిండు.

రాజు గదవ మీద కూడా... మూడు చుక్కలు.

తుడిచిండు. పోలే. మౌసు ఇంకా గట్టిగ నొక్కి తుడిచిండు. చుక్కలు పోలే— రాజు గదవ పోయింది. భయంల దాన్నట్లనే సేవ్ కూడా కొట్టిండు.

సేనాపతి... మూడు చుక్కలు. మంత్రగత్తె... మూడు చుక్కలు. పన్నెండు మందినీ ఒకటే చట్రంల, ఒకటే కొలతల గీసినోడు గద— అందరి గదవలు ఒకటే జాగల ఉంటయి. చుక్కలు కూడా ఆ జాగలనే.

అప్పుడు వెనుక చీకట్ల... కటకటమని చప్పుడు.

అది అద్దం మీద గోరని యోహాను ఇప్పటికీ ఒట్టు పెట్టి చెప్తడు. వాని పండ్లు కొట్టుకున్న చప్పుడని నా అనుమానం.

నా ఫోన్ మోగింది. గుసగుస.

"బాలాజీ... ఒకసారి వస్తావా... కాదు, రండి."

నాకు తెలిసిపోయింది, సంగతి పెద్దదని. అండీ గిండీ అనే ఆంధ్ర సరిహద్దు కోదాడోడైనా సరే, యోహాను నాకు మర్యాద ఇచ్చుడు అదే మొదటిసారి.

"ఏమైందిరా?"

"ఆవిడ వచ్చిందిరా... ముడుతల కోసం..."

వెంటనే బయలుదేరిన. ఒక్కన్నే పోలే, దాదిని కూడా లేపిన. డెబ్బై నాలుగేండ్ల మనిషిని రాత్రిపూట రూంల ఒంటిగ వదిలిపెట్టుడు మంచిది కాదు మరి. మెట్ల మీద కూడా దాదినే ముందు నడిపించిన. పెద్దలను దాటి పోవద్దంటరు.

లోపలున్న యోహానుకు మాత్రం వినబడ్డది వేరే. చీకటి మెట్ల మీద... కాళ్ల కడాలు... ఘల్... ఘల్... దగ్గరికొస్తున్నయి. తలుపు ముందట ఆగినయి.

"బేటా..." అన్నది దాది. "తలుపు తియ్యి..."

లోపల ఏదో పడ్డ చప్పుడు. పడ్డది యోహానే.

నా గొంతు విన్నంక, ఎట్లనో లేచి తలుపు తీసిండు. వేలుతోని తెర చూపించిండు.

"చూడు దాదీ... ఆవిడ పెట్టి పోయింది..."

దాది కండ్లు చికిలించి చూసింది.

"ఏ ఆమె? గవి నేనే పెట్టిన."

బల్ల మీద ఉన్న నీలం మార్కర్ పెన్ను తీసి చూపించింది. యోహాను మెల్లగ తెర దగ్గరికి పోయి, అద్దాన్ని గోటితోని గీకిండు. గోటికి ఇంకు అంటింది.

మేమిద్దరం పడిపడి నవ్వినం. దాది నవ్వలే.

"నవ్వుడు తర్వాత. నా పచ్చబొట్టు ఎవరు తీసిండ్రు?"

యోహాను కుర్చీ వెనుకకు జరిగి నిలబడ్డడు.

"ముడుతలు తీస్కో బేటా, నాకేం పరేషాన్ లేదు. మంచిగనే కనబడుతున్న." తెరల తనను చూసుకున్నది. "గాని గా సుక్కలు తియ్యొద్దు. ఎండి కడాలు కోడలికి పోతయి. మేకలు కొడుకులకు పోతయి. సచ్చినంక నా ఎంబడి వచ్చేది గా మూడు సుక్కలే. గవి లేకుంటే గాడ మా యాడి నన్ను ఎట్ల గుర్తుపడ్తది?"

యాడి అంటే అమ్మ. దాది అమ్మ పోయి అరవై ఏండ్లయింది.

యోహాను తల వంచుకొని తెర తుడిచి, కుర్చీల కూర్చున్నడు. దాది పక్కన స్టూలు వేసుకున్నది. "జర ఎడమకు... ఇంకా కిందికి... ఆ, గాడ." ఈసారి చుక్కలు అద్దం మీద కాదు, గదవ మీదనే పడ్డయి. కండ్ల కొసల్ల నవ్వితే పడే రెండు గీతలు కూడా వాడు వాపస్ ఇచ్చిండు. రాజు గదవ మాత్రం ఎంత చేసినా సరిగ రాలే. గడ్డం పెంచేసిండు.

ఎనిమిది యాభైకి పంపిండు. మధ్యాహ్నం జవాబొచ్చింది. పదకొండు మొహాలు అన్నదమ్ముల తీరు ఉన్నయట, ఈ మూడు చుక్కల పిల్ల ఒక్కతే మనిషి తీరు ఉన్నదట. మిగిలినోళ్లను కూడా ఇట్లనే సరిచేద్దురు గాని, సోమవారం వచ్చి చేరుమన్నరు.

అంతా మంచిగనే అయింది. ఒక్క ముచ్చటనే ఇంతదాకా ఎవరికీ చెప్పలే.

ఆ పొద్దున చుక్కలు తుడిచే ముందు, యోహాను నాకు ఫోన్ చేసి అడిగిండు: "బాలాజీ, మీ దాది గదవ మీద మూడు మరకలున్నాయి. మొహానివా, ఫొటోవా?"

ఆ మొహం ముందట కూర్చొని ఇరవై మూడేండ్లు జొన్నరొట్టె తిన్నోన్ని. ఎంత ఆలోచించినా యాదికి రాలే. "ఫొటోవేరా, తుడిచెయ్" అని నేనే అన్న.

రాత్రి దాది "ఎవరు తీసిండ్రు" అని అడిగితే, ఆమె వెనుక నిలబడి, భుజం మీది నుంచి వేలు యోహాను దిక్కు చూపించింది కూడా నేనే.